ఒక్క బై

చిత్తూరు కోర్టులో నాది మూడో హాలు,
కిటికీ పక్కన టైపు మిషను.
జూన్ వస్తే ఊరంతా మామిడి గుజ్జు వాసన,
కార్బన్ కాగితాలక్కూడా.

ఆ పొద్దు బోనెక్కింది మొగిలమ్మ.
మురకంబట్టు దాటినాక గుజ్జు ఫ్యాక్టరీలో
టెంకలు తీసే పని ఆమెది.
ప్రమాణానికి చెయ్యెత్తితే
గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

"ఆవిరి వాల్వు ఎవరు తిప్పినారు?"
"సూపర్వైజరే తిప్పినాడు సామీ."

ఆ రే మీద కొంచెం ఆగింది,
గడప మీద కాలు పెట్టి ఆగినట్టు.

జడ్జి గారు అద్దాలు తుడుచుకుంటూ
ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పారు,
చివర హిమ్‌సెల్ఫ్ పెట్టి.
ఆ మాట అక్కడ ఆసరా లేకుండా
నిలబడినట్టు తోచింది నాకు.
ఎనిమిదో తరగతిలో జ్ఞానప్రకాశం అయ్యవారు
హిమ్‌సెల్ఫ్ ముందు బై మరిచిపోతే
మెటికల మీద స్కేలు దించేవారు.
వేళ్లకు జ్ఞాపకం ఎక్కువ.
నన్నడక్కుండా అవే టైపు చేశాయి.

చదివి వినిపించడం కూడా నా పనే.
"సూపర్వైజరే తిప్పినాడు" అని చదివాను.
తెలుగులోకి తిరిగి రాగానే తప్పు
నీళ్లలో ఉప్పురాయిలా కరిగిపోయింది.
"సరిగ్గా అట్లనే అన్నా" అని
మొగిలమ్మ వేలిముద్ర వేసింది.

వాదనల రోజు దాకా తెలీలేదు.
కంపెనీ వకీలు ఏకాంబరం కాగితం ఎత్తి పట్టుకున్నాడు.
"బై హిమ్‌సెల్ఫ్. అంటే ఒంటరిగా.
పక్కన నరమానవుడు లేడని సాక్షే చెప్తా ఉంది.
లేని మనిషి ఎట్లా చూసింది?"
వెనక బెంచీలో ధనకోటి
కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని
ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తున్నాడు.

ఆ రాత్రి గ్రీమ్స్‌పేటలో కరెంటు పోయింది.
చీకట్లో ఆ మాటను జరిపి జరిపి చూశాను.

పేరు పక్కనే నిలబెడితే
వేలు చూపించింది:
ఇంకెవరో కాదయ్యా, సాక్షాత్తూ ఆయనే.
మొగిలమ్మ అన్నది ఇదీ.
చివరికి జరిపితే చెయ్యి చూపించింది:
ఒకరి చేత చేయించలేదు, తన చేత్తోనే.
జడ్జి గారు పలికింది ఇది. ఫరవాలేదు,
వాల్వు మీది చెయ్యి మారలేదు.
ముందు బై పెట్టానో లేదో
అది గదిలో జనాన్నంతా బయటికి నెట్టి
లోపలి నుంచి గడియ వేసుకుంది.
తలుపు అవతల మొగిలమ్మ,
కళ్లారా చూసిన మొగిలమ్మ.

మనకేమో ఒక్క ఏ.
ఏ మాటకు తగిలిస్తే ఆ మాట తలెత్తుతుంది.
ఎక్కడ నొక్కాలో
బడికి పోని మనిషికి తెలుసు.

తెల్లారి అర్జీ మొదలుపెట్టాను, తప్పు నాదని.
ఐ పక్కనే మైసెల్ఫ్ పెడితే
రిబ్బను కత్తిరించడానికి వచ్చిన వాడిలా ఉన్నాను.
చివర పెడితే
సొంతంగా ఇల్లు కట్టుకున్నట్టు మురుస్తున్నాను.
బై పెడితే నిజమే,
కానీ అయ్యవారి స్కేలు కూడా ఉంది కదా ఆ గదిలో.
మూడు కాగితాలు నలిపేశాను.

పదకొండింటికి హాల్లో లేచి నిలబడ్డాను.
ఇరవై రెండేళ్లుగా అక్కడ కూర్చునే ఉన్నాను.
"ఎవరయ్యా ఈ బై చేర్చింది?"
జడ్జి గారు తెలుగులోనే అడిగారు.

"నేనే సార్."

ఆ నే ఎంతసేపు సాగిందో.
ఏకాంబరం పెన్ను మూత పెట్టాడు, మళ్లీ తీశాడు.

పద్నాలుగో తేదీకి వాయిదా.
మొగిలమ్మను మళ్లీ పిలుస్తారట.
మెట్ల దగ్గర నన్ను ఆపింది.
"మళ్లీ అడిగితే ఏం చెప్పాలబ్బయా?"
"అదే చెప్పు."
"అదే చెప్తా. ఇంకేముంది చెప్పేదానికి?"

ధనకోటి కట్టు వదులైంది.
సాయం పట్టబోతే నా చెయ్యి పక్కకు తోసి
తనే బిగించింది.